కారిక్‌ఫర్గస్ నుండి వాక్స్‌హా వరకు

పాఠ్యభాగ నేపథ్యం

అమెరికా జనులలో అత్యధికులు వలస వచ్చినవారి సంతతి. అందువల్లనే పూర్వికుల జాడ తెలుసుకోవడం అక్కడ ఒక విద్యగా పెంపొందింది. 18వ శతాబ్దిలో ఐర్లాండు ఉత్తరభాగం నుండి అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి, అమెరికా సరిహద్దు అడవులలో స్థిరపడిన ఒక పేద కుటుంబపు వలస ఈ పాఠ్యభాగానికి వస్తువు. ఆ కుటుంబంలో పుట్టిన ఆండ్రూ జాక్సన్ 1829 నుండి 1837 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఏడవ అధ్యక్షుడుగా ఉన్నాడు. దేశాధ్యక్షుని వంశమూలమే ఇంత చిక్కుగా ఉన్నప్పుడు, సామాన్యుల పూర్వికులను వెదకడం ఎంత ఓపికతో కూడిన పనో విద్యార్థులు ఊహించుకోవచ్చు.

పాఠం

1824లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఒక సేనాని తన జన్మస్థలాన్ని గురించి ఒక లేఖలో వివరించవలసి వచ్చింది. దక్షిణ కరోలినాలో, వాక్స్‌హా అనే వాగు సమీపాన, క్రాఫర్డ్ అనే బంధువుకు చెందిన వ్యవసాయక్షేత్రంలో తాను జన్మించినట్లు ఆయన వ్రాశాడు. అయితే ఆ విషయం ఇతరులు చెప్పగా తనకు తెలిసినదని కూడ అందులోనే పేర్కొన్నాడు. ఆ సేనాని ఆండ్రూ జాక్సన్.

ఎవరి పుట్టుక అయినా వారికి ఇతరులు చెప్పగా తెలియవలసినదే గదా అని మనకు తోచవచ్చు. నిజమే. కాని సాధారణంగా ఆ మాట చెప్పడానికి తల్లిదండ్రులు ఉంటారు, తోబుట్టువులు ఉంటారు. జాక్సన్ పుట్టడానికి కొద్ది వారాల ముందే తండ్రి మరణించాడు. పద్నాలుగేండ్ల ప్రాయానికి అన్నలిద్దరూ, తల్లి కూడ గతించారు. ఐర్లాండు నుండి వచ్చిన ఆ ఇంటిలో, ఓడ ఎక్కిన రేవు పేరు గాని, దిగిన తీరం పేరు గాని చెప్పగల నోరు ఒక్కటీ మిగలలేదు. తల్లిని పాతిపెట్టిన చోటు ఎక్కడో తెలుసుకోవాలని పెద్దవాడైన తరువాత ఆయన చేసిన ప్రయత్నాలు కూడ ఫలించలేదు. యుద్ధంలో గెలిచినవాడు, దేశాన్ని ఏలినవాడు, తన తల్లి సమాధిని కనుగొనలేకపోయాడు.

సంస్కృతంలో 'వంశ' శబ్దానికి వెదురు అని కూడ అర్థం. కణుపు వెంట కణుపుగా పెరిగే వెదురుతో తరం వెంట తరంగా సాగే సంతతిని పోల్చిన ప్రాచీనుల చూపు మెచ్చదగినది. పూర్వికులను వెదికేవారు అనుసరించవలసిన పద్ధతి కూడ ఆ మాటలోనే ఇమిడి ఉంది. పై కణుపు నుండి కింది కణుపుకు దిగాలి. నడుమ ఒక్కటి కూడ దాటవేయరాదు. ఐర్లాండులో తమ ఇంటిపేరే గల ఒక ప్రముఖుని చూసి, ఆయనే తమ మూలపురుషుడని తీర్మానించుకొని అక్కడినుండి కిందికి దిగి వచ్చేవారు అమెరికాలో కొల్లలు. అటువంటి వంశవృక్షాలు చూడడానికి నిండుగానే ఉంటాయి. వాటికి వేరు మాత్రం ఉండదు. కనుక జాక్సన్ కుటుంబాన్ని గురించి నిశ్చయంగా తెలిసిన చివరి సంఘటనల నుండి వెనుకకు నడవడమే ఉచితమైన మార్గం.

ఆ చివరి సంఘటనలు అమెరికా స్వాతంత్ర్యయుద్ధ కాలానికి చెందినవి. పెద్దకుమారుడు హ్యూ, 1779 జూన్‌లో స్టోనో ఫెర్రీ వద్ద జరిగిన యుద్ధం తరువాత వేసవి తాపానికి, అలసటకు తాళలేక మరణించాడు. 1780 మేలో బ్రిటిష్ అశ్వదళం వాక్స్‌హా ప్రాంతంలోనే అమెరికన్ సైనికులను ఊచకోత కోసింది. గాయపడినవారిని అక్కడి ప్రార్థనాలయంలో చేర్చి ఊరివారు సేవలు చేశారు. 1781లో రెండవవాడు రాబర్ట్, మూడవవాడు ఆండ్రూ బ్రిటిష్‌వారికి చిక్కారు. తన బూట్లు శుభ్రం చేయుమన్న అధికారి ఆజ్ఞను ధిక్కరించినందుకు బాలుడైన ఆండ్రూ మీద కత్తివేటు పడింది. ఆ మచ్చ ఆయనకు జీవితాంతం ఉంది. కామ్డెన్ చెరసాలలో అన్నదమ్ములిద్దరికీ మశూచి సోకింది. తల్లి ఎలిజబెత్ అక్కడికి వెళ్లి వారిని విడిపించి ఇంటికి తెచ్చుకొన్నది. రాబర్ట్ మరణించాడు. ఆండ్రూ కోలుకోగానే ఆ తల్లి, ఓడలలో బందీలుగా మగ్గుతున్న తమవారికి శుశ్రూష చేయడానికి చార్ల్స్‌టన్ నగరానికి బయలుదేరింది. ఆ సంవత్సరం చివర అక్కడే వ్యాధి సోకి కన్నుమూసింది. గుర్తురాయి లేని మట్టిలో ఆమెను పూడ్చారు.

ఇది చరిత్రకు బాగా తెలిసిన భాగం. దీని నుండి ఒక కణుపు వెనుకకు వెళితే, 1767 మార్చి 15వ తేదీన ఆండ్రూ జననం కనబడుతుంది. తేదీ విషయంలో తగవు లేదు, స్థలం విషయంలోనే ఉంది. వాక్స్‌హా ప్రాంతం ఉత్తర, దక్షిణ కరోలినాల సరిహద్దు మీద పరచుకొని ఉన్నది. ఆ సరిహద్దును ఆనాటికి పూర్తిగా కొలిచి నిర్ణయించలేదు. భర్త మరణించిన తరువాత నిండుచూలాలైన ఎలిజబెత్ తన తోబుట్టువుల ఇండ్లను ఆశ్రయించింది. ఆమె సోదరి జేన్ భర్త జేమ్స్ క్రాఫర్డ్ ఇల్లు దక్షిణ కరోలినా వైపు ఉండేది. మరొక సోదరి భర్త జార్జ్ మెక్‌కేమీ ఇల్లు ఉత్తర కరోలినా వైపు ఉండేది. రెండు ఇండ్ల నడుమ దూరం కొద్ది మైళ్లే. ప్రసవం ఏ ఇంటిలో జరిగింది?

జాక్సన్ స్వయంగా దక్షిణ కరోలినా అనే నమ్మాడు. 1832లో ఆ రాష్ట్రం కేంద్రశాసనాలను ధిక్కరించినప్పుడు వెలువరించిన ప్రకటనలో కూడ దానిని తన జన్మభూమిగానే సంబోధించాడు. ఆయన 1845లో మరణించాడు. 1858 ప్రాంతంలో ఉత్తర కరోలినాకు చెందిన వాకప్ అనే న్యాయవాది జాక్సన్ తల్లి బంధువుల సంతతివారిని కలుసుకొని ప్రమాణపత్రాలు సేకరించాడు. వాటిలో ముఖ్యమైన కథనం లెస్లీ కుటుంబానిది. ఎలిజబెత్ సోదరీమణులలో ఒకరు ఆ ఇంటి కోడలు. ఆమెకు మంత్రసానితనం తెలుసు. ఒకనాటి రాత్రి పిలుపు రాగా, ఆమె తన చిన్నకూతురును వెంటబెట్టుకొని పొలాలకు అడ్డంపడి నడిచి మెక్‌కేమీ ఇంటికి వెళ్లిందని, ఆండ్రూ ఆ రాత్రే పుట్టాడని ఆ కూతురు ముసలితనంలో చెప్పేదట. 1860లో జాక్సన్ జీవితచరిత్రను ప్రకటించిన జేమ్స్ పార్టన్ ఈ కథనాన్నే స్వీకరించాడు. తరువాతివారు అందరూ ఆయనతో ఏకీభవించలేదు.

ఈ తగవును నేటికీ రెండు రాష్ట్రాలు విడువలేదు. అందులో ప్రాంతాభిమానం పాలు ఎక్కువే. కాని అన్వేషణ చేసేవారికి ఇందులో పనికివచ్చే విషయం వేరొకటి ఉంది. ఒకవైపు ఉన్నది స్వయంగా ఆ వ్యక్తి మాట. అయితే అది విన్నమాట. రెండవవైపు ఉన్నది ప్రత్యక్షసాక్షి మాట. అయితే ఆ సాక్షి అప్పటికి పసిపిల్ల. పైగా ఆమె చెప్పగా విన్నవారు దాదాపు తొంబది సంవత్సరాల తరువాత దానిని కాగితం మీద పెట్టారు. ఏది బలమైనది? సాక్ష్యం ఎంత ఆప్తుల నోట వచ్చినా, సంఘటనకూ వ్రాతకూ నడుమ గడచిన కాలాన్ని లెక్కించక తప్పదు.

తగవు తీరకపోయినా, ఆ ప్రమాణపత్రాల వల్ల అంతకంటె విలువైన ప్రయోజనం ఒకటి చేకూరింది. క్రాఫర్డ్, మెక్‌కేమీ, లెస్లీ కుటుంబాలు ఎలిజబెత్ పుట్టింటి వైపు బంధుత్వంతో పెనవేసుకొన్నవని తేలింది. జాక్సన్ దంపతులు ఎవరూ లేని అడవిలోకి గుడ్డిగా వచ్చినవారు కారు. ముందుగా వచ్చి స్థిరపడిన అక్కచెల్లెండ్ర మధ్యకే వచ్చారు. ఒక కుటుంబం వెళ్లి కాలూనుకొని కబురు పంపడం, ఆ కబురందుకొని రెండవది బయలుదేరడం ఆనాటి వలసలకు సామాన్య లక్షణం. కనుక వెదుకుతున్న పూర్వికుని పేరు ఏ పత్రంలోనూ దొరకనప్పుడు, అతని ఇరుగుపొరుగువారిని, వియ్యంకులను, వీలునామాలలో సాక్షి సంతకం చేసినవారిని వెదకాలి. వారిలో ఒకరి స్వగ్రామం తెలిసినా చాలు, తక్కినవారి జాడకు దారి దొరుకుతుంది.

ఇక్కడ భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. తెలుగులో పెదతల్లి, పినతల్లి, మేనత్త అనే ముగ్గురికీ వేరువేరు పేర్లు ఉన్నాయి. ఇంగ్లీషు పత్రాలలో ముగ్గురూ 'ఆంట్' అనే ఒక్క మాటలో అణగిపోతారు. 'కజిన్' అన్న మాటను 18వ శతాబ్దిలో అన్న కొడుకుకు, అక్క కొడుకుకు కూడ వాడారు. పేరు పక్కన 'సీనియర్', 'జూనియర్' అని ఉంటే తండ్రీకొడుకులని మనం అనుకొంటాం. ఆనాడు ఆ మాటలకు ఊరిలో ఒకే పేరుగల ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అన్నంతవరకే అర్థం. మెక్‌కేమీ అనే ఒక్క ఇంటిపేరే మూడు నాలుగు విధాల వర్ణక్రమంతో కనబడుతుంది. వ్రాసే గుమాస్తా చెవికి వినబడినదే అక్షరం. పత్రాన్ని చదవడం వేరు, ఆ కాలపు భాషను చదవడం వేరు.

ఇంకొక కణుపు వెనుకకు వెళితే సముద్రం అడ్డువస్తుంది. ఆండ్రూ తండ్రి పేరు కూడ ఆండ్రూ జాక్సన్. ఆయన, భార్య ఎలిజబెత్ హచిన్‌సన్, ఇద్దరు చిన్నపిల్లలు 1765లో వలస వచ్చారు. ఏ రేవులో దిగారన్నదే ప్రశ్న. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్ అని కొందరు జీవితచరిత్రకారులు వ్రాశారు. పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా వైపు దిగి, అక్కడినుండి బండ్లబాట వెంట దక్షిణానికి వచ్చారని మరికొందరు వ్రాశారు. ఓడ జాబితా చూస్తే తేలిపోదా అన్న సందేహం సహజం. అమెరికా రేవులకు వచ్చే ప్రతి ఓడ నాయకుడు ప్రయాణికుల జాబితాను సమర్పించాలన్న కేంద్రశాసనం 1819లో చేశారు. 1820 నుండి అది అమలులోకి వచ్చింది. 1765లో అటువంటి నియమం లేదు. ఐర్లాండు, అమెరికా రెండూ బ్రిటిష్ రాజు ఏలుబడిలోనివే కనుక, ఐర్లాండు నుండి వచ్చినవారు పరదేశులు కారు. ఆ లెక్క వ్రాసుకోవలసిన అవసరం అధికారులకు కనబడలేదు.

అయినా రెండు మార్గాలలో ఏది ఎందుకు సంభావ్యమో ఆలోచించడానికి ఆధారాలు లేకపోలేదు. అవి వాణిజ్యంలోను, శాసనాలలోను దాగి ఉన్నాయి. ఐర్లాండు ఉత్తరభాగమైన అల్‌స్టర్ ప్రాంతంలో ఆనాటి ప్రధాన వృత్తి అవిసెనారతో లినెన్ బట్ట నేయడం. సన్నని నార కావాలంటే గింజ ముదరకముందే అవిసె మొక్కను పెరికివేయాలి. అలా చేస్తే మరుసటి ఏటికి విత్తనం మిగలదు. అందుచేత అమెరికా నుండి, ముఖ్యంగా ఫిలడెల్ఫియా నుండి, అవిసెగింజలు ఓడలలో అల్‌స్టర్ రేవులకు వచ్చేవి. గింజలు దింపిన ఓడలు తిరుగు ప్రయాణంలో మనుషులను ఎక్కించుకొనేవి. నారచీరె పలుచన కావాలన్న కోరికే, చివరకు వేలకొలది కుటుంబాలు సముద్రం దాటడానికి ఓడలను సమకూర్చిందన్నమాట! ఫిలడెల్ఫియాలో దిగినవారికి సమీపభూములు ఖరీదైనవి. అందువల్ల వారు లాంకాస్టర్, యార్క్ మీదుగా వర్జీనియాలోని షెనండోవా లోయకు, అక్కడినుండి ఉత్తర కరోలినాలోని సాలిస్‌బరీకి, మరికొంత దక్షిణాన వాక్స్‌హాకు చేరుకొన్నారు. ఆ దారికే గ్రేట్ వాగన్ రోడ్ అని పేరు.

చార్ల్స్‌టన్ వైపు మొగ్గడానికి వేరొక ఆకర్షణ ఉన్నది. తీరప్రాంతపు శ్వేతజాతి క్షేత్రాధిపతులకు రెండు భయాలు ఉండేవి. ఒకటి, తాము బానిసలుగా తెచ్చుకొన్న ఆఫ్రికన్లు సంఖ్యలో తమను మించిపోవడం. రెండవది, లోతట్టు సరిహద్దున ఆదివాసులతో యుద్ధాలు. తమకూ ఆదివాసులకూ నడుమ పేద ప్రొటెస్టెంట్లను కంచెవలె నిలపాలని దక్షిణ కరోలినా శాసనసభ 1761లో ఒక చట్టం చేసింది. ఐరోపా నుండి వచ్చే పేద ప్రొటెస్టెంటుకు ఓడ ఖర్చు కింద నాలుగు పౌండ్లు చెల్లించేవారు. కుటుంబ యజమానికి 100 ఎకరాలు, వెంట ఉన్న ఒక్కొక్కరికి 50 ఎకరాలు వంతున భూమి ఇచ్చేవారు. బానిసలను వెంట తెచ్చుకొన్నవారికి ఆ తలలను కూడ లెక్కించి భూమి ఇవ్వడం ఆనాటి ఆచారం. ఓడ ఖర్చు చెల్లించే పద్ధతి 1768లో ముగిసింది. భూమి కోసం వలసవారు పెట్టుకొన్న అర్జీలు పాలకమండలి దినచర్య గ్రంథాలలో నమోదయ్యాయి. ప్రయాణికుల జాబితాలు లేని ఆ కాలానికి ఈ అర్జీలే జాబితాలవలె ఉపకరిస్తున్నాయి. ఉచితంగా లభించిన ప్రతిదానికీ ఎవరో ఒకరు కాగితం వ్రాయించుకొంటారు. పూర్వికులను వెదికేవారు ప్రేమలేఖల కంటె అర్జీలను ఎక్కువగా నమ్ముకోవడానికి కారణం ఇదే.

జాక్సన్ తండ్రి విషయంలో ఆ ఆధారం కూడ అక్కరకు రాలేదు. ఆయన ట్వెల్వ్ మైల్ అనే వాగు పక్కన అడవి నరికి, గుడిసె వేసి, రెండేండ్లు సాగుచేశాడు. ఆ నేలకు యజమాని కాకుండానే 1767 తొలినాళ్లలో మరణించాడని పార్టన్ వ్రాశాడు. వాక్స్‌హా ప్రార్థనాలయపు శ్మశానంలో ఆయనను ఖననం చేశారు. అమెరికా తొలి జనాభా లెక్కలు 1790లో జరిగాయి. వాటిలోనూ ఇంటి యజమాని పేరొక్కటే వ్రాసి, తక్కినవారిని అంకెలతో సరిపెట్టారు. ఎలిజబెత్ అప్పటికి తొమ్మిదేండ్ల క్రితమే మరణించింది. సొంత ఇల్లు లేని వితంతువుగా బంధువుల పంచన బ్రతికిన ఆమె, 1790 వరకు జీవించి ఉన్నా, క్రాఫర్డ్ ఇంటి లెక్కలో ఒక అంకెగా ఉండేదే తప్ప పేరుగా ఉండేది కాదు.

సముద్రానికి ఆవలి గట్టుకు చేరితే, ఆంట్రిమ్ కౌంటీ తీరాన కారిక్‌ఫర్గస్ కోట కనబడుతుంది. దాని సమీపాన ఉన్న బోనీబిఫోర్ అనే చిన్నపల్లె జాక్సన్ కుటుంబపు స్వస్థలమని సంప్రదాయం. వారిని ఐరిష్‌వారని అనడంలో కొంత వివరణ అవసరం. 1609 తరువాత ఇంగ్లండు ప్రభుత్వం అల్‌స్టర్‌లోని స్థానిక ఐరిష్ ప్రభువుల భూములను స్వాధీనం చేసుకొని, స్కాట్లండు, ఇంగ్లండుల నుండి ప్రొటెస్టెంట్ రైతులను రప్పించి నిలిపింది. స్కాట్లండు నుండి వచ్చినవారిలో అత్యధికులు ప్రెస్బిటేరియన్ శాఖకు చెందినవారు. మూడు నాలుగు తరాలు గడిచిన తరువాత వారి సంతతివారే అమెరికా దారి పట్టారు. అమెరికాలో వారికి స్కాచ్-ఐరిష్ అన్న పేరు స్థిరపడింది. ఒకప్పుడు ఇతరుల నేలలో నాటబడినవారు, ఆ నేల నుండి కూడ కదలవలసి వచ్చినదన్నమాట.

కదలికకు కారణాలు చాలా ఉన్నాయి. కౌలు గడువు తీరగానే భూస్వాములు కౌలును విపరీతంగా పెంచేవారు. ఎక్కువ ఇవ్వజూపినవానికి పాతరైతు పొలం దక్కేది. రాజ్యం ఆమోదించిన చర్చి తమది కాకపోయినా ప్రెస్బిటేరియన్లు పంటలో పదవవంతు దానికి చెల్లించవలసి వచ్చేది. 1704 నాటి శాసనం వారిని ప్రభుత్వ పదవులకు దూరం చేసింది. వారి మతగురువులు జరిపించిన వివాహాల చెల్లుబాటు కూడ చాలాకాలం వివాదగ్రస్తమయింది. 1718లో ఒక మతగురువు వెంట అనేక కుటుంబాలు న్యూ ఇంగ్లండుకు తరలిపోయాయి. 1740-41 నాటి దారుణమైన చలి, కరువు మరెందరినో కదిలించాయి. అమెరికా స్వాతంత్ర్యయుద్ధానికి ముందు అల్‌స్టర్ విడిచినవారి సంఖ్యను చరిత్రకారులు లక్ష నుండి రెండున్నర లక్షల వరకు అంచనా వేశారు. 1845లో మొదలైన బంగాళాదుంప కరువు వీరి తరువాతి కథ. తమ పూర్వికుడు ఆ కరువులోనే వచ్చాడని చెప్పుకొనే కుటుంబాలు, అతని పేరు 1790 జనాభా లెక్కలలో కనబడినప్పుడు ఆ కథను సవరించుకోవలసిందే.

బోనీబిఫోర్‌లో ఆ కుటుంబం నివసించినదని చెప్పే ఇల్లు రైలుమార్గం కోసం 1860లో కూల్చివేయబడింది. సందర్శకులకు నేడు చూపించే గడ్డికప్పు ఇల్లు అదే కాలానికి చెందినదే గాని, పొరుగున ఉన్న మరొక కుటుంబానిది. చూడదగినదే, అయితే ఏది అసలో, ఏది పోలికో తెలిసి చూడాలి.

ఇల్లు పోయినా పత్రాలు ఉండాలి గదా! ఐర్లాండు విషయంలో ఆ ఆశకు కూడ పెద్ద గండి పడింది. ఐర్లాండు అంతర్యుద్ధం ఆరంభంలో, 1922 జూన్ 30న, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనసముదాయంలో జరిగిన విస్ఫోటనంలో అక్కడి ప్రభుత్వ పత్రభాండాగారం కాలిపోయింది. ఏడు శతాబ్దాల దస్త్రాలు బూడిదయ్యాయి. 1821 నుండి 1851 వరకు జరిగిన జనాభా లెక్కలలో అత్యధిక భాగం, అధికారిక చర్చికి చెందిన జనన మరణ వివాహ గ్రంథాలలో సగానికి పైగా, వీలునామాలు మొదలైనవి వాటిలో ఉన్నాయి. 1766లో ఇంటింటి మతాన్ని తెలుపుతూ తయారైన పట్టికల మూలప్రతులు కూడ పోయాయి. పూర్వపు పరిశోధకులు కొందరు తమ అవసరం కోసం ఎత్తి వ్రాసుకొన్న నకళ్లు మాత్రం అక్కడక్కడ మిగిలాయి. ప్రపంచమంతటా చెదరి ఉన్న అటువంటి నకళ్లను కూర్చి, కాలిపోయిన భాండాగారాన్ని కంప్యూటరు తెర మీద పునర్నిర్మించే కృషి ఫలితం 2022లో, విస్ఫోటనం జరిగి నూరేండ్లయిన సందర్భంగా, అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎవరో ఓపికగా ఎత్తి వ్రాసుకొన్న ఒక్క పుట, నూరేండ్ల తరువాత ఒక వంశానికి ఆధారం కావచ్చు.

కాలిపోనివి కూడ ఉన్నాయి. డబ్లిన్‌లోని దస్తావేజుల కార్యాలయంలో 1708 నుండి భూమి లావాదేవీలు భద్రంగా ఉన్నాయి. అయితే అవి ఆస్తిపరుల కాగితాలు. స్వల్పకాలపు కౌలుదారు అక్కడ కనబడడం అరుదు. అవిసె సాగుచేసిన రైతులకు రాట్నాలు బహుమతిగా ఇస్తూ 1796లో తయారుచేసిన పట్టికలో దాదాపు 60,000 పేర్లు ఉన్నాయి. ముప్పది సంవత్సరాల ముందే వెళ్లిపోయిన జాక్సన్ దంపతులకు అది పనికిరాదు. వెళ్లక మిగిలిన వారి బంధువులకు పనికివస్తుంది. పిల్లల పేర్లు కూడ ఒక ఆధారమే. పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు పెట్టడం అల్‌స్టర్ కుటుంబాలలో తరచుగా కనబడే ఆచారం. జాక్సన్ తాతపేరు హ్యూ అన్న కుటుంబ కథనానికి, పెద్దకొడుకు పేరు హ్యూ కావడం సరిపోతున్నది. సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు. కారిక్‌ఫర్గస్ చుట్టుపక్కల హ్యూ జాక్సన్ ఒక్కడే ఉండి ఉండవలసిన నియమమేమీ లేదు.

ఇంతవరకు వెనుకకు నడిచిన దృష్టిని మరల వాక్స్‌హా నేల మీదికి మరల్చాలి. ఆ పేరు ఇంగ్లీషువారిది గాని, ఐరిష్‌వారిది గాని కాదు. వాక్స్‌హా అన్నది అక్కడ నివసించిన ఒక ఆదివాసి జాతి పేరు. రోగాలు, యుద్ధాల వల్ల 18వ శతాబ్ది తొలి దశకాలలోనే ఆ జాతి ప్రత్యేకంగా లేకుండాపోయింది. నేలకు పేరు మిగిలింది. వారి పొరుగువారైన కటాబాలు 1759 నాటి మశూచిలో సగానికి పైగా నశించారు. 1763 ఒడంబడికతో వారికి పదిహేను మైళ్ల చదరపు నేల మాత్రమే దక్కింది. జాక్సన్ తండ్రి గొడ్డలి పట్టుకొని వచ్చినది ఆ తరువాత రెండేండ్లకే. పెరిగిన కౌలు భారంతో ఒక నేలను విడిచిన పేదవాడు, అంటురోగంతో ఖాళీ అయిన మరొక నేల మీద అడుగుపెట్టాడు. వలసకథలలో మొదటి సగాన్ని మనుమలు కన్నీటితో చెప్పుకొంటారు. రెండవ సగం ఆ కన్నీటిలో కనబడకుండాపోతుంది.

జాక్సన్ జీవితంలో ఆ రెండవ సగం కనబడకుండా ఉండడానికి వీలులేదు. 1830 మే 28న, మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆదివాసులను పడమటికి తరలించే శాసనం మీద ఆయన అధ్యక్షుడుగా సంతకం చేశాడు. చెరోకీలను తరలించడం 1838-39లో, ఆయన పదవి నుండి దిగిన తరువాత జరిగింది. ఆ ప్రయాణంలోను, దానికి ముందు నిర్బంధ శిబిరాలలోను దాదాపు నాలుగు వేలమంది మరణించారని అంచనా. ఆ దారిని 'కన్నీటి బాట' అని పిలుస్తారు.

ఆయన పాలనాకాలంలోనే రెండు విధాల పత్రాలు పుట్టాయి. పూర్వికులను వెదికేవారు నేటికీ వాటిని తిరగవేస్తున్నారు. 1832 నాటి పింఛను చట్టం ప్రకారం స్వాతంత్ర్యయుద్ధంలో పనిచేసిన వృద్ధులు న్యాయస్థానంలో నిలబడి, ఎప్పుడు ఎక్కడ పుట్టారో, ఎక్కడెక్కడ నివసించారో, ఎవరి కింద పోరాడారో ప్రమాణపూర్వకంగా చెప్పి వ్రాయించారు. ఐర్లాండులోని తమ కౌంటీ పేరును నోరారా చెప్పిన సరిహద్దు రైతులు వాటిలో కనబడతారు. రెండవది 1835లో చెరోకీల దేశంలో జరిగిన లెక్క. తరలించడానికి ముందు టెనెసీ, జార్జియా, అలబామా, ఉత్తర కరోలినాలలో ఉన్న దాదాపు 16,000 మంది చెరోకీలను ఇంటింటికీ తిరిగి, ఇంటి యజమాని పేరు, ఉన్న వాగు పేరు, సాగులో ఉన్న ఎకరాలతో సహా వ్రాసుకొన్నారు. ఇండ్లు విడిపించడానికి తయారైన ఆ పట్టికలోనే నేడు చెరోకీ సంతతివారు తమ పూర్వికుల పేర్లను వెదుక్కొంటున్నారు. కారిక్‌ఫర్గస్ నుండి ఇద్దరు పసివాండ్రతో ఓడ ఎక్కిన ఎలిజబెత్ హచిన్‌సన్ పేరును మాత్రం ఆనాడు ఎవరూ వ్రాసుకోలేదు.

అభ్యాసం

1. 'వంశ' శబ్దానికి గల రెండు అర్థాలను, పూర్వికుల అన్వేషణ పద్ధతితో వాటికి గల సంబంధాన్ని వివరించండి.

2. జాక్సన్ జన్మస్థలాన్ని గురించిన రెండు కథనాలలో మీకు ఏది బలమైనదిగా తోచింది? కారణాలు వ్రాయండి.

3. అవిసెగింజల వాణిజ్యం అల్‌స్టర్ వలసలకు ఏ విధంగా తోడ్పడింది?

4. బంధుత్వాన్ని తెలిపే తెలుగు మాటలకు, ఇంగ్లీషు మాటలకు గల భేదం పాతపత్రాలు చదివేవారికి ఎటువంటి చిక్కు కలిగిస్తుంది? మీ కుటుంబంలోని వరుసలతో ఉదాహరణలు ఇవ్వండి.

5. సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి: "సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు."